నిలబడ్డ నంది

మర్రిగూడ దగ్గర పాత శివాలయంలో, పారేసిన నీళ్ల క్యాన్లతో నిలబడ్డ నందిని చేసిన పట్నం పిల్ల ఒక అవ్వను ఆపింది.

"అవ్వా, గది దేవుడు కాదు. ప్రదర్శనకు పెట్టిన బొమ్మ. దాని చెవుల ఏం చెప్తున్నవ్?"

"నంది చెవుల చెప్పింది బయట చెప్తరా బిడ్డా?"

"రాతి నంది పక్కనే ఉన్నది గద."

"అది కూసున్నది. గీ ఊరి ఫ్లోరైడ్ నీళ్లకు నా మోకాళ్లు వంగవు. ఇరవై ఏండ్ల ముచ్చట్లు మిగిలిపోయినయి."

"దీని చెవులు పాత ప్లాస్టిక్ చాటలవ్వా."

"మంచిగ ఇంటది."

"సోమవారం లారీ వస్తది. అన్నీ ఇప్పి తీస్కపోతం."

"తీస్కపోండ్రి."

"కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? తోక తీస్కపో, కాళ్లు తీస్కపో. ఒక్క చెవు మాత్రం గా స్తంభానికి కట్టి పో. నా ఎత్తుకు."