మంచం కాని కలప

ఆగవే అమ్మడూ, ఆ పాతసామాన్లవాణ్ణి కాసేపు గుమ్మంలోనే ఉండనీ. తుప్పు పట్టిన ఇనప మంచమే, కాదన్లేదు. నువ్వూ పడుకోవు, నేనూ పడుకోను, అదీ నిజమే. కానీ అది మా బావ కొన్నది. జన్మలో ఆయన చేత్తో కొన్న సామాను అదొక్కటే. పుస్తకాలంటావా, అవి సామాన్లా, ఇంటికి పట్టిన చీడ గానీ.

కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవాడులే. క్లాసులో పిల్లల కంటే బెంచీలెక్కువ. ఆ కొరత తీర్చుకోడానికి దొరికినవాడికల్లా చెప్పేవాడు. పాలవాడైతే పాపం, దూరం నుంచి ఈయన్ని చూసి సైకిల్ తిప్పేసుకునేవాడు. ఏం చెబుతున్నాను? ఆఁ, మంచం. మా అక్కకి పెళ్లయిన కొత్తలోనే నడుం నొప్పి పట్టుకుంది, కింద పడుకుంటే పొద్దున్న లేవడం కష్టమయ్యేది. మంచం చేయించండి అంది. బావ మంచివాడే, మారుమాట లేకుండా అడితి నుంచి కలప తెప్పించి ముందుగదిలో గోడవారన పేర్పించాడు. వడ్రంగి వచ్చాడు, కొలతలు తీసుకున్నాడు, పెన్సిలు చెవిలో దోపుకున్నాడు. రంపం పైకి తీశాడో లేదో, బావ చెయ్యి అడ్డం పెట్టాడు. 'ఉండవయ్యా. గ్రీకువాళ్లకి హ్యూలే అని ఒక మాట ఉంది. మొదట్లో అడవి అని అర్థం. తర్వాత అడవిలో కొట్టిన కట్టె, కలప. ఆ తర్వాత వాళ్ల పండితుడొకాయనకి, తనంతట తాను ఏదీ కాకుండా, ఏదైనా కాగలిగే ముడిపదార్థం ఉంటుందే, దానికి పేరు కావాల్సొచ్చింది. ఆ కలప మాటే తెచ్చి పెట్టాడు. అంటే ఈ సృష్టిలో ఉన్న పదార్థమంతటికీ పేరు మన ముందుగదిలో ఉంది. ఇది తలుపు కాగలదు, బల్ల కాగలదు, పడవ కాగలదు. నువ్వు రంపం పెట్టావా, ఇక మంచమే. మిగతావన్నీ పోయినట్టే.' వడ్రంగి బుర్ర గోక్కుని, 'అయితే మంచం వద్దాండీ?' అన్నాడు. 'వద్దని కాదు, తొందరేముంది' అన్నాడు బావ.

ఆ తొందరేముందిలోనే పిల్లలు పుట్టి, పెరిగి, బళ్లోకి వెళ్లిపోయారు. ఇంటికొచ్చినవాళ్లు ఆ పలకల మీదే కూర్చుని కాఫీ తాగేవాళ్లు. ఆయనకి అదీ బాధే, 'దాన్ని బెంచీ చేసేస్తున్నారురా' అని నాతో మొర. అక్క వంటింట్లోంచే అనేది, 'ఏదైనా అవుతుందట, నాకు మంచం తప్ప' అని. అని ఊరుకునేది.

ఒక చలికాలం పొద్దున్న అక్క చాప మీంచి లేవలేకపోయింది. నేనూ బావా చెరో రెక్కా పట్టుకుని లేపాం. నొప్పికి ఏడ్చేసింది. మా అక్క ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. బావ మొహం చూడాలి. చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా పరిగెత్తి ఆ వడ్రంగినే పట్టుకొచ్చాడు. వాడు వచ్చి పైపలక మీద చెయ్యి వేశాడు, చెయ్యి లోపలికి పోయింది. చెదలు. పైకి రంగు, చారలు, అంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి, లోపలంతా మట్టి. నేను ఊరుకోవచ్చుగా? 'బావా, తలుపన్నావు, పడవన్నావు, చెదలకి భోజనం అవుతుందని చెప్పలేదే' అన్నాను. అక్క నడుం పట్టుకుని మరీ నవ్వింది. బావ నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఇదిగో, ఈ మంచాన్ని బజారు నుంచి నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. లెక్చరరు గారు మంచం మోస్తున్నాడని వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. అక్క పడుకుంది దీని మీద, పోయేదాకా. ఎన్నాళ్లో కాదులే. తర్వాత కూడా ఆయన కిందే, దీని పక్కనే చాప వేసుకునేవాడు. చూడలేక ఓసారి నేనే అన్నాను, 'ఖాళీగా పడుంది కదా బావా, విప్పించి పెరటికి గేటు చేయిద్దాం, ఇనుమేగా, ఏదైనా అవుతుంది' అని. గ్రీకులో మొదలెడతాడనుకున్నా. 'అది మంచంరా' అన్నాడు. 'మీ అక్క మంచం.'

ఏం, అలా నిలబడిపోయావు? వాణ్ణి పంపించేసి రా, దీన్ని మళ్లీ లోపల పెట్టేద్దాం. నువ్వు తలవైపు పట్టుకో, నేను కాళ్లవైపు పడతా. గుమ్మం దగ్గర చూసుకో, ఒక కోడు ఊగుతుంది.