తేట సీసా

కట్ట కింద కాపలా గదిలో, అలమరా నిండా గాజు సీసాలు. ఏ సీసా మీద ఎవరి చెయ్యీ పడకూడదని ముసలి కాపలాదారు ఇన్నేళ్ళూ అనుకున్నాడో, కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ సరిగ్గా దాన్నే తీసి కిటికీ వెలుగులో పట్టింది.

"ఇవన్నీ ఏంటి బాబాయ్?"

"కట్ట అడుగున ఊరే నీళ్ళమ్మా. రోజూ ఒక సీసా పట్టి చూస్తాను. తేటగా ఉంటే బెంగ లేదు. మట్టిరంగు తిరిగాయంటే కట్ట లోపల్లోపలే కరిగిపోతున్నట్టు."

"దీని మీద తేదీ పాత కట్ట తెగిన రోజుది. ఆ పొద్దున కూడా ఇంత తేటగా ఉన్నాయా?"

అతను సీసా కోసం చెయ్యి చాచాడు.

"అందుకే కాబోలు, చెప్పాపెట్టకుండా తెగిందని రిపోర్టులో రాశారు."

"చెప్పే ఉంటుందమ్మా. వినడానికి నేనే వెళ్ళలేదు. మూడు రోజుల ముసురు, కట్ట అడుగుకి దిగే మెట్లు పాచిపట్టి జారుతున్నాయి. ఆ సీసా మా ఇంటి కుళాయి దగ్గర పట్టాను."

ఆమె సీసా మెల్లగా కింద పెట్టింది. "ఎవరూ అడగలేదా?"

"మా చెల్లెలొక్కతే అడిగింది. వాళ్ళిల్లు కట్ట కిందే. పొద్దున్నే ఫోన్ చేసి, 'పిల్లల్ని తీసుకుని మీ ఇంటికి వచ్చెయ్యనా అన్నయ్యా' అంది."

"మీరేమన్నారు?"

"నీళ్ళు తేటగానే ఉన్నాయి, వంట సంగతి చూసుకో అన్నాను."