రిజాయిస్‌కి ఒక వాక్యం

(ముందు గది. బడి పిల్లల కోసం ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు రాస్తున్న భర్త. అతను చెబుతుంటే టైపు చేస్తున్న భార్య.)

“…‘రిగ్రెట్’ అయింది. మిమ్మల్ని చేసుకున్నందుకు చింతిస్తున్నానని కొట్టమన్నారు, కొట్టాను.”

“నిజమే కదా?”

“రోజూ కాదులెండి. తర్వాత?”

“తర్వాత… ‘రిలేటివ్’.”

“మధ్యలో ఒకటి దాటేశారు.”

“దాటలేదే.”

“రిజాయిస్. కాగితం ఇటు కనబడుతోందండీ.”

“అది రేపు చూద్దాం.”

“నిన్నా రేపనే అన్నారు. అర్థం చెప్పండి.”

“సంబరపడు. ఉప్పొంగిపో.”

“వాడుక?”

“చిన్నచిన్న వాటికి వాడరు. మనసు పట్టనంత సంతోషమైతేనే. ఎవరు, దేనికి అన్నది తెలియాలి.”

“మరి వాక్యం?”

“జట్టు గెలిచిందని ఊరంతా సంబరపడింది.”

“ఏ జట్టు? ఏ ఊరు? మనింట్లో జరిగిందే రాయాలని పట్టుబట్టింది మీరు. గురకకి మీ గురకే పెట్టాం, జారిపడటానికి నేనే పడ్డాను…”

“ఈ ఒక్కదానికీ వదిలెయ్.”

“వదలను. నేనే కొడతాను.”

“వద్దు.”

“‘ఆ పాప పుట్టినప్పుడు ఎవరూ సంబరపడలేదు.’ లేదని రాసినా వాడుకే కదా? ఏం, తప్పుందా?”

“తప్పు లేదు. తీసెయ్.”

“ఎందుకు తీసెయ్యాలి? తొమ్మిది నెలలు మోశాను. ఊపిరి లేకుండా పుట్టిందన్నారు. నాకు మత్తు వదిలేసరికి అంతా అయిపోయింది. దాన్ని చూసి నవ్విన మొహం ఒక్కటి లేదండీ ఈ లోకంలో. పోయినందుకు కాదు, అందుకే నాకు ఏడుపు.”

“ఊరుకో. ఆ వాక్యం తీసెయ్ ముందు.”

“ఉన్న మాటేగా. ఉండనివ్వండి.”

“ఉన్న మాట కాదు.”

“అంటే?”

“నువ్వు తట్టుకోలేవని… డాక్టరమ్మని కూడా చెప్పొద్దని బతిమాలుకున్నాను.”

“ఏం చెప్పొద్దని?”

“గంటైనా నిలవలేదు. అది వింటే నువ్వు ఇంకా…”

“ఏం చెప్పొద్దని, చెప్పండి?”

“ఏడ్చింది. వరండా చివరిదాకా వినబడింది. నా చేతుల్లో పెడితే ఎత్తుకుని, కనబడినవాళ్ళందరికీ చూపించాను. ఎవరూ లేరనకు. నేను సంబరపడ్డాను.”