హెప్సీబా అని పూరాగా పిలవాల

"అవ్వా, పాపకు నీ పేరు పెడ్తామంటే వద్దంటివంట. యాల?"

ఉత్తగా వద్దనల్యా సునీతా. కూర్చో ఈడ, పాప పండుకోనుండాది కదా, చెప్తా. హెప్సీబా అంటే మన మైదుకూరు పక్క పల్లెల్లో ఎవురికి నోరు తిరుగుతాది చెప్పు. ఇస్కూల్లో అయివారు హాజరు పిలిచేటప్పుడు ఎప్సిబాయి అనేటోడు. పక్కింట్లో కాసింబీ అత్త, పాపం శానా మంచిది, రంజాన్‌కు సేమ్యాలు పంపిచ్చేది, ఆమె ఇది మా వాళ్ల పేరే అని హఫ్సాబీ అనేది. ఇంగ కలుపుకు పోతే ఆడోళ్లంతా యాపమ్మ. యాపమ్మ అంట. ఆదివారమైతే చర్చికి పోయే దాన్ని, నన్ను పట్టుకోని యాపచెట్టు దేవతను జేసి పెట్టినారు. రేషన్ కార్డులో గూడా అదే ఉండాది. నవ్వుతాండావా? నవ్వు నవ్వు.

సరింగా పిల్చింది మా అమ్మ ఒకతే. సదువు రాదు ఆమెకు, ఏలిముద్రే. పొద్దుగూకినప్పుడు వాకిట్లో నిలబడి, హెప్సీబా అని, ఒక్క అచ్చరం మింగకుండా కేకేసేది. నాకు సిగ్గు. ఎప్సీ అని పిల్చరాదా అన్యా గూడా, మల్లా అట్లే పిల్చేది.

మా అమ్మ సచ్చిపొయ్యినాక, మా చిన్నాయన కూతురి పెండ్లప్పుడు, కాదు కాదు, ఆ మరుసటేడు, మా పెద్దమ్మ చెప్పింది. నాకు ముందర ఇద్దరూ ఆడపిల్లోళ్లే, నేను మూడో దాన్ని. మా నాయనమ్మ నన్ను సూసి, దీనికి చాలమ్మ అని పెట్టండి అనిందంట. ఇంగ ఆడపిల్లోళ్లు సాలు అని దేవునికి చెప్పినట్ల, అప్పుడు అట్ల పెట్టేవాళ్లు. మా వీధిలోనే ఇద్దరు చాలమ్మలు ఉన్యారు. మా నాయన సరే అన్యాడు. మా అమ్మ మాత్రం, పచ్చి బాలింత, నన్ను కొంగులో సుట్టుకోని పక్కూర్లో ఉండే చర్చి అయ్యగారి దగ్గరికి నడిచి పొయ్యిందంట. పొయ్యి, "అయ్యా, ఈ బిడ్డ నాకు కావాల. కావాల అనే పేరు ఏదన్నా ఉంటే పెట్టు" అనిందంట.

ఆయన బైబిల్లో శానా సేపు ఎతికి హెప్సీబా అన్యాడు. ఈమె అంటేనే నాకు ఇష్టం అని దాని అర్థమంట. మా అమ్మకు నోరు తిరగల్యా. వారం దినాలు మల్లా మల్లా పొయ్యి ఆయనతో చెప్పిచ్చుకోని, దావ పొడుగూతా అనుకుంటా వచ్చిందంట.

 మా అమ్మ దినామూ పిలుస్తాంటే సంగటి తినేదానికి పిలుస్తాందనుకున్యా తల్లీ. ఊరంతా ఇనేటట్ల ఇష్టం అని చెప్తాందని నాకేం తెలుసు.

మొన్న నీ కాన్పుకు కర్నూలుకు వచ్చినప్పుడు చర్చికి పోతి కదా. ఆడ చిన్న పిల్లోళ్లకు చెప్పే టీచరమ్మ హెప్సీబా అని పిల్చింది, ఒక్క అచ్చరం తప్పు పోకుండా. నేను లేసి నిలబడితి. సూస్తే నాతో పాటు ఇద్దరు ఆడపిల్లోళ్లు లేసినారు, జడలేసుకోని, ఇంతింత ఉండారు. నా ఒక్కదానికే అనుకున్యా ఆ పేరు.  మా అమ్మ పొయ్యినాక మల్లా అంత సక్కంగా ఇనింది ఆ పొద్దే.

మరి యాల వద్దంటి అంటావా. నిన్న మీ ఆయన ఫోన్లో పాపను అప్పుడే హ్యాపీ, హ్యాపీ అని తెంపి పిలుస్తాండె. అట్లయితే వద్దు. పెడితే పూరాగా పిలవాల, మీ ఇద్దరూ. పిలుస్తారా? సరే, అయితే పెట్టండి.

పాప లేసినట్లుండాది, ఇట్లియ్యి. తల కింద చెయ్యి పెట్టు, ఆ. ఇన్నేండ్లూ ఈ పేరుతో నన్ను పిల్చినోళ్లే గానీ, నేను ఎవురినీ పిల్చింది ల్యా.

హెప్సీబా.

సూడు, నా పక్కే సూస్తాండాది... పిలిచేటప్పుడు మా అమ్మకు ఇట్లుండేదేమో. సల్లగుండు నా తల్లీ, సల్లగుండు...