కాలవలో దిగినవాళ్ళకే నీళ్ళు

"అమ్మమ్మా, ఈ ఏడు వరి వెయ్యట్లేదంట, ఎందుకు?"

ఎక్కడ వెయ్యనమ్మా? మా చేను రేపల్లె కింద, కాలవ చివర కదా. మాదంటే మాది కాదులే, కౌలు. మీ తాత పోయినప్పట్నుంచీ ఆ ఎకరం నేనే చేస్తున్నా. సముద్రం పక్కన నేల, పైనుంచి మంచినీళ్ళు అందకపోతే కిందనుంచి ఉప్పు లేస్తుంది.

మా అత్త కాలంలో ఏంటంటే, ఎండాకాలం కాలవ కట్టేశాక, మళ్ళీ నీళ్ళొదిలేలోపు ఇంటికో మనిషి దిగాలి. మగాళ్ళు పూడిక తియ్యాలి, ఆడోళ్ళు గుర్రపుడెక్క పీకి గట్టునెయ్యాలి. మా అత్త మొగుడు పోయిన మనిషి, సొంతానికి సెంటు భూమి లేదు, చేసేది కౌలే, అయినా దిగేది. దిగినవాళ్ళకే నీళ్ళ వంతు మరి. పట్టా ఎవరిదని అడిగేవాళ్ళు కాదు. పనయ్యాక రేపల్లెలో సినిమాకి పోయేవాళ్ళం, నేల టిక్కెట్టు అర్ధరూపాయి... కాదులే, ముప్పావలా. అర్ధరూపాయి నా పెళ్ళికి ముందు.

ఏం చెప్తున్నా? ఆఁ, నిన్నమొన్నటి దాకా అలాగే దిగేవాళ్ళం. పోయినేడు ఆగింది. బడ్జెట్లో కాలవకి డబ్బులిచ్చారని టీవీలో చెప్పగానే మగాళ్ళు పారలు మూలన పడేశారు. గవర్నమెంటు వాళ్ళొచ్చేలోపు మనం దిగుదాం అన్నాను. మా మరిది, "బడ్జెట్ సంగతి నీకేం తెలుసు వదినా, వెళ్ళి పొయ్యి చూసుకో" అన్నాడు. పొయ్యి మీదకి బియ్యం ఎక్కణ్ణుంచొస్తాయో వాడికేం తెలుసు, కంచంలో పెడితే తింటాడు.

కాంట్రాక్టరు నీళ్ళొదిలాక వచ్చాడు. వంతెన దగ్గర, కార్లలో పోయేవాళ్ళకి కనపడేంత మేర మిషన్‌తో గోకాడు, ఫొటోలు తీసుకున్నాడు, పోయాడు. నీళ్ళు మా దాకా రాలా. నారు ఎర్రబడింది, మడి నిండా తెల్లగా ఉప్పు. వంతు అడగబోతే పైచేలవాళ్ళు, "ఇప్పుడది గవర్నమెంటు కాలవ పిన్నీ, వంతులేంటి" అన్నారు. ఏమంటాం, ఎవరమూ దిగలేదుగా. నష్టపరిహారం మాత్రం రాశారు, పట్టా ఉన్నాయన పేరున. ఆయనుండేది తెనాలిలో. పంట పోయిందని నేను ఫోన్ చేస్తేగానీ తెలీదు ఆయనకి.

ఆయనే మొన్నొచ్చి, "ఉప్పు తేలిన నేలలో వరెందుకు, రొయ్యల చెరువు తవ్విస్తా" అన్నాడు. ఒక్క పంట ఆగు బాబూ, ఈసారి మేమే కాలవలో దిగుతాం అన్నాను. "ఎవరు దిగుతారు, మనుషుల్ని చూపించు" అన్నాడు. ఇల్లిల్లూ తిరిగానమ్మా. ఈ బడ్జెట్లో కూడా ఇచ్చారంటగా అత్తా, చూద్దాంలే అన్నారు. ఆడోళ్ళు కూడా అదే మాట.

నిన్న చేలో మిషన్ దిగింది. కాలవకి వంతెన దాటి రాని మిషన్, చెరువుకి పొద్దున చెప్తే సాయంత్రానికి వచ్చింది.

పోనీలే. నువ్వు చల్లగా ఉండమ్మా, నువ్వు చేసిన పని నీ పేరునే ఉండాలి. నాకేముంది... రొయ్యల షెడ్డులో తలలు తుంచడానికి ముసలోళ్ళని కూడా తీసుకుంటారంట, కనుక్కోవాలి...