ఉమేద్ సింగ్ గారి పద్నాలుగు తరాలు

మళ్ళీ వచ్చేశారా ఠాకూర్ సాబ్? మీరు పోయి ఆర్నెల్లయిందండీ! అయినా శుక్రవారం భోంచేసి నడుం వాల్చానో లేదో మీ మంచం కిర్రుమంటది. కళ్ళు తెరిస్తే మీరు. అదే తలపాగా. మోకాళ్ళ మీద అవే చేతులు. ఏంటండీ ఇది?

తెలుగులోనే మాట్లాడతాను, ఏమనుకోకండి. మీరు బతికున్నన్నాళ్ళూ ఆ హిందీతో కుస్తీ పట్టాను. పోయినవాళ్ళకి ఏ భాషైనా ఒకటే కదా? అదిగో, పక్కగది నిసార్ అహ్మద్ గోడ మీద బాదుతున్నాడు, నాకు పిచ్చెక్కిందని. బాదనివ్వండి.

అసలు నన్నెవరు రాయమన్నారండీ? మీరే కదా! ఈ గల్ఫ్ దేశంలో, మెసయీద్ కూలీల క్యాంపులో ఇంతమంది ఉండగా, టైమాఫీసులో టైపు కొట్టుకునే కోనసీమ ఎడ్వర్డే దొరికాడా? "ఎడ్వర్డ్ బాబూ, మా రాజపుత్రుల పేర్లు తరతరాలుగా రాసిపెట్టే భాట్ చచ్చిపోయాడు. ఆయన పుస్తకం చెదలు తినేసింది. ఇప్పుడు మా వంశమంతా నా నోట్లోనే ఉంది" అన్నారు. మీకేమో సంతకం తప్ప రాత రాదు. సరేనన్నాను. నాదే బుద్ధి తక్కువ.

శుక్రవారం శుక్రవారం చేతులు కడుక్కుని రమ్మనేవారు. మీ నాన్నగారితో మొదలుపెట్టి పైపైకి, వారానికో తరం, మొత్తం పద్నాలుగు. ఎవరు ఏ కోట కట్టారు, ఎవరికెన్ని ఊళ్ళు జాగీరొచ్చాయి, ఎవరు తల తెగినా గుర్రం దిగలేదు... అబ్బో! ఊళ్ళన్నీ సర్కారు తీసేసుకుంది, మీరేమో ఇక్కడ క్రేన్ కింద నిలబడి "యల్లా, యల్లా" అని అరబ్బీలో కూలీల్ని తొందరపెడుతూ అరుస్తున్నారు. పేర్లు చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతే వేరు. నాకూ వినాలనే ఉండేది. ఆరు తరాలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశానండీ.

ఆరో తరం అయిన రోజు మీరేమన్నారో గుర్తుందా?

లేదా? నాకుంది.

"మరి మీ వంశం ఏంటి బాబూ?" అన్నారు. మా నాన్న దానియేలు, మా తాత పోలయ్య అన్నాను. "ఆ పైన?" అన్నారు. తెలీదన్నాను. మీరు నవ్వారు. "అవున్లే, మీకెక్కడుంటాయి" అన్నారు. చెడ్డగా అనలేదు, నాకు తెలుసు. ఆ వెంటనే ఖర్జూరాలు కూడా పెట్టారు. అయినా నాకు చెంప ఛెళ్ళుమంది.

మా చర్చి రిజిస్టర్లో మా తాత పేరుందండీ. తండ్రి పేరు అన్నచోట ఓ గీత గీసి వదిలేశారు. ఆ పైన మాకేమీ లేదు.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి రాయడం మానేశాను.

అలా చూడకండి! పెన్ను కదిపాను. మీరు కళ్ళు మూసుకుని చెబుతుంటే మా ఆవిడ తెమ్మన్న సామాన్లు రాసుకున్నాను. పాస్టర్ గారికి ఉత్తరం రాసుకున్నాను. ఒక్కోసారి ఉత్తి సున్నాలు చుట్టాను. ఎనిమిది తరాలు! మీరు చదవలేరు కదా, అదీ నా ధైర్యం.

కోపం తగ్గాక మళ్ళీ చెప్పించుకుందామనుకున్నాను, ఒట్టు. ఏదీ? మీకు గుండె పట్టేసింది. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని ఏమడిగారు? పెళ్ళాం సంగతి ఎత్తలేదు, కొడుకు సంగతి ఎత్తలేదు. "అన్నీ రాశావు కదా?" అన్నారు. "రాశాను ఠాకూర్ సాబ్" అన్నాను. మీరు నిమ్మళంగా కళ్ళు మూసుకున్నారు.

నాకు మాత్రం అప్పట్నుంచి నిమ్మళం లేదండీ.

మీ అబ్బాయి భవానీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. "నాన్నగారి పుస్తకం పెట్టెతో పాటు పంపండి అంకుల్, నా పెళ్ళిలో ఆ పేర్లు చదవాలి" అని ఏడ్చాడు. ఏం చెప్పమంటారు? మీ వంశాన్ని నేనే ముంచానని చెప్పమంటారా? మీ శవపెట్టె తెల్లారి విమానం ఎక్కుద్దనగా టైపు మిషను ముందు కూర్చున్నాను. గుర్తొచ్చినవి రెండు పేర్లు. ఐదు కల్పించాను. సింగ్ అని తగిలించి ఒకడికి కోట, ఒకడికి యుద్ధం, ఒకడికి పదూళ్ళు ఇచ్చేశాను. ఇంకొక్కటి మిగిలింది. చేతులు ఆడలేదు.

అక్కడ మా తాత పోలయ్యని పెట్టేశాను. పోల్ సింగ్ అని.

అవునండీ, మీ వంశంలోనే! వరదల్లో కాలవ గట్టు తెగితే మా తాత గండికి అడ్డంగా పడుకున్నాడు. తెల్లారేసరికి గట్టు నిలబడింది, ఆయన లేడు. కామందు చేను మిగిలింది, ఊరు మిగిలింది. ఆయన పేరెత్తినవాడు లేడు. అదే రాశాను, "పోల్ సింగ్ వరదకి అడ్డం పడి ఊరిని కాపాడి ప్రాణం విడిచెను" అని. నేను చేర్చినవాళ్ళలో నిజంగా పుట్టి చచ్చినవాడు ఆయనొక్కడే.

మొన్న భవానీ ఉత్తరం వచ్చింది. పెళ్ళయిందట. పేర్లు చదివారట. పోల్ సింగ్ పేరు రాగానే ముసలి ఠాకూర్లంతా లేచి నిలబడి దండం పెట్టారట. ఇలాంటి మహానుభావుడి సంగతి మనకిన్నాళ్ళూ తెలీలేదే అని కళ్ళు తుడుచుకున్నారట. నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చానండీ. సంతోషమో భయమో నాకే తెలీలేదు.

అసలు పేర్లు చెప్పండి, ఇప్పుడు రాస్తాను. ఒక్కటైనా చెప్పండి! మీ పెదాలు కదుల్తాయి, మాట బయటికి రాదు. ఎందుకండీ నన్నిలా చంపుతారు?

భవానీకి నిజం రాయమంటారు, అంతే కదా? రాస్తాను. ఐదు పేర్లు నేను కల్పించానని, కొట్టెయ్యమని రాస్తాను. వాడు నా మొహాన ఉమ్మినా పడతాను. మీకు చేసింది పాపమే, ఒప్పుకుంటున్నాను.

ఆ ఆరో పేరు మాత్రం కొట్టెయ్యమని అడక్కండి. మా తాత కోసం ఎవరైనా లేచి నిలబడటం అదే మొదలు ఠాకూర్ సాబ్. ఆ ఒక్కడూ మీ నోటితో మీరే చెప్పారని రాస్తాను. బైబిల్ మీద ప్రమాణం చేసి మరీ రాస్తాను. ఇంకెన్ని శుక్రవారాలు కూర్చుంటారో కూర్చోండి.