పర్మిషన్ ఉన్న మోటర్

మచ్చ బొల్లారంలో ఒక కాలనీ, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. పది గంటలకు నీళ్ల సంగతి మీద మీటింగు. మీటింగుకు పిలిచినవాడు కాలనీ సంఘం అధ్యక్షుడు సుధాకర్. ఆ పెద్దమనిషి ఇప్పుడు తన ఇంటి వెనక, నల్లా దగ్గర, చేతిలో పానాతో గొంతుక్కూర్చున్నాడు. పక్కన తల్లి నర్సమ్మ నిలబడి ఉంది.

"ఇప్పినవా లేదా?"

"ఇప్పుతున్ననే అమ్మా. బోల్టు తుప్పు పట్టింది, రాక సస్తాంది."

"మూడేండ్ల సంది నీళ్ళల్ల ఉన్నది, పట్టదా మరి. గౌరయ్య నిన్న గల్లీల తవ్విండు గద, ఏమన్నడు?"

"గౌరయ్య నీళ్ళు ఇడిశేటోడు. ఆడేమన్న ఇంజనీరా?"

"కండ్లయితే ఉన్నయి గద. ఏమన్నడు?"

"పైపు మురికి నీళ్ళ మోరి పక్కకెల్లి పోయింది, ఆడ పలిగిందన్నడు. నీళ్ళు మామూలుగ వస్తే ఏం కాదట. ఎవలన్న నల్లాకు మోటర్ పెట్టి గుంజితే..."

"గుంజితే?"

"మోరి నీళ్ళు పైపులకు వస్తయట. ఇగ అడగకు."

"ఐదుగురు పోరగాండ్లకు కామెర్లు. పక్కింటి షహజాది మనవరాలు సుచిత్ర చౌరస్త కాడ దవాఖానల పడి ఉన్నది. మనింట్ల ఎవ్వలకేం కాలే. ఎందుకు కాలే?"

"మనం డబ్బా నీళ్ళు తాగుతం."

"మల్ల గీ నల్లా నీళ్ళు మోటర్ పెట్టి గుంజుడెందుకు?"

"పైన ఇద్దరు కిరాయికున్నరు. ట్యాంకు నిండాలె గద. నల్లా చూస్తే ఏలంత సన్నగొస్తది..."

"అందరికి గట్లనే వస్తది. పోయిన ఆదివారం గ్రూపుల ఏం రాసినవ్? అనూహ్య చదివి ఇనిపించింది నాకు."

"పైనింటి పిల్లకు ఇగ వేరే పని లేదు."

"మోటర్ పెట్టబట్టే పిల్లలకు రోగమొచ్చింది, పెట్టినోని పేరు మీటింగుల చెప్త, నల్లా కట్ చేయిస్త. గంతే గద రాసింది? మోటర్ నీ ఇంట్ల పెట్టుకొని?"

"అందరు నన్నే అడుగుతున్నరు. ప్రెసిడెంట్ ఏం జేస్తున్నడు అంటున్నరు. ఏమన్న రాయాలె గద. నీళ్ళ ఆఫీసోళ్ళు మోటర్లతోనే గిట్లయితదన్నరు, గదే రాసిన."

"రాసినవ్. ఇప్పుడేం జేస్తవ్?"

"ఇప్పుతున్న గదనే. ఇప్పి బహదూర్‌పల్లిల చుట్టాలింటికి పంపిస్త. అయిపాయె."

"అయిపోతదా?"

అంతలో గేటు తీసుకుని షహజాది బేగం నేరుగా వెనక్కే వచ్చేసింది. సుధాకర్ పక్కనున్న గోనెసంచిని మోటరు మీదికి లాగి, పానా లుంగీలో దోపి లేచాడు.

"సుధాకర్ బేటా, నీకోసమే వచ్చిన."

"ఆ... చాచీ. ముంగటికి పోదాం పా. ఈడంత తడి ఉన్నది."

"ఈడనే మంచిగుంది. ముంగట అందరు చూస్తరు."

"షిరీన్‌కు ఎట్లుంది?"

"కండ్లు ఇంకా పచ్చగనే ఉన్నయి. ఏం తింటలేదు. ఇంకో నాలుగు రోజులు ఉండాలన్నడు డాక్టర్. బేటా, ఒక మాట. మీటింగుల నా పేరు చెప్పు."

"నీ పేరా? ఎందుకు?"

"మోటర్ పెట్టింది నేనే."

"నువ్వా?"

"మనవడు పుట్టిన దావత్‌కు. నూరు మంది వస్తున్నరాయె, డ్రమ్ములు నిండుతలేవు. మా తమ్ముడు ఏజాజ్‌ను అడిగి మోటర్ తెచ్చిన. ఒక్క పొద్దే. గంటసేపు పెట్టిన, ఇచ్చేసిన. నువ్వు గ్రూపుల రాసింది నా కొడుకు మన్నాన్ చదివి ఇనిపించినప్పటి సంది నాకు నిద్ర లేదు."

"గంటకేం కాదు చాచీ."

"అయింది గద. దావత్ అయి నెల కాలే, షిరీన్ పడిపాయె. ఆ పొద్దు నీళ్ళు నేనే ముంచి ఇచ్చిన. వద్దు దాదీ అన్నది. ఎండల ఆడుకొని వచ్చినవ్, తాగు అన్న. పెద్ద గిలాస. నా చేతులతోని..."

"ఊకో చాచీ. జర ఊకో. అమ్మా, కుర్చీ తే."

"నేను తేను. నువ్వే చెప్పు ఆమెకు."

"ఏం చెప్పాలె? చాచీ, నీ పేరు ఎవ్వలకు చెప్ప. నీ నల్లా కట్ కాదు. నేనున్న గద, సంభాళిస్త."

"వద్దు బేటా. గది తప్పు. ఇంకా నలుగురు పిల్లల తల్లులు ఉన్నరు. వాళ్ళ మొకం చూడలేకపోతున్న. వాళ్ళొస్తుంటే నేను ఇంట్లకు పోతున్న. షహజాది జేసింది అని అందరి ముంగట చెప్పు. తిడితే తిట్టనీ."

"గట్ల కాదు చాచీ. ఒక్కపొద్దు పెడితే ఇంత కాదు. రోజు విడిచి రోజు గుంజితేనే..."

"గట్ల ఎవలు గుంజుతరు? గీ గల్లీల ఎవలింట్ల మోటర్ లేదు. ఉన్నది మీదొక్కటే."

"మాదా?"

"ఆ. మీ మోటర్ గుర్రుమనంగనే నేను లేసి బిందె పెడుత. నీళ్ళొచ్చినయని నాకు గట్లనే ఎరుక. కని మీది వేరు గద బేటా. మీకు పర్మిషన్ ఉన్నది."

"పర్మిషనా?"

"ప్రెసిడెంట్‌వి గద, ఆఫీసోళ్ళు ఇచ్చి ఉంటరు. ఏజాజ్‌తోని సుత గదే అన్న. వాళ్ళది పర్మిషన్ ఉన్న మోటర్, దానితోని ఏం కాదు. మనం దొంగసాటుగ పెట్టినం, అల్లా చూసిండు, అన్న."

"చాచీ..."

"ఏంది బేటా? తడిల కూసున్నవేంది?"

"బిడ్డా, ఆమె పోకముందే చెప్పు."

"చెప్తనే అమ్మా. నోరు వస్తలేదు."

"సంచి తియ్యి. నోరు అదే వస్తది."

"ఇగో చాచీ. చూడు."

"చూస్తున్న. మీ మోటరే గద. ఇప్పుతున్నవెందుకు, ఖరాబైందా?"

"దీనికి పర్మిషన్ లేదు. ఎవ్వలకు ఇయ్యరు. ప్రెసిడెంట్‌కు సుత ఇయ్యరు. నేనే దొంగసాటుగ పెట్టిన. మూడేండ్ల సంది, నీళ్ళొచ్చినప్పుడల్ల. గౌరయ్య మోరి కాడ పలిగిన పైపు చూపెట్టంగనే నాకు సమజైంది. ఎవలు చూడకముందే మాయం చేద్దామనుకున్న. నువ్వొచ్చి పేరు చెప్పుమంటే, నీ మీదికి పోతే పోనీ అని ఒక్క నిమిషం... అనుకున్న చాచీ. అబద్ధం చెప్ప. అనుకున్న. తిట్టు నన్ను. కొట్టు."

"మోరి నీళ్ళు గుంజింది ఇదా?"

"ఇదే."

"నేను కాదా?"

"నువ్వు కాదు."

"నేనిచ్చిన గిలాస..."

"నీ తప్పు కాదు చాచీ. నాది."

"మల్లొక్కసారి చెప్పు బేటా. జర గట్టిగ చెప్పు. మన్నాన్ వారం సంది అమ్మా అని పిలుస్తలేడు నన్ను. గోడవతలనే ఉన్నడు."